సోదమ్మ చదివిన ఉక్కు

విశాఖపట్నం చుట్టుపక్కల ఏ పెద్ద వస్తువు విరిగినా చివరికి హైమావతి బల్ల మీదికి రావలసిందే. కూలిన నీళ్లట్యాంకు చువ్వలు, తెగిన లిఫ్టు తాడు, పేలిన బాయిలరు మూత, ఏదైనా సరే. ముప్ఫై ఏళ్లుగా ఆవిడ పని ఒకటే: అది ఎందుకు విరిగిందో కనిపెట్టి కాగితం మీద రాసి సంతకం పెట్టడం. బోర్డు మీద "నిర్మాణ, యంత్ర వైఫల్య పరిశోధన కేంద్రం" అని ఉంటుంది. ఆ పేరు చెబితే ఏ ఆటోవాడికీ దారి తెలియదు. "విరుగుళ్ల ఆఫీసు" అంటే తిన్నగా తీసుకొచ్చి గేటు ముందు దింపుతాడు.

ఆ ఆఫీసులో ఏడేళ్లు కిందామీదా పడి హైమావతీ ఆమె జట్టూ ఒక యంత్రం తయారుచేశారు. ఉక్కు తన మీద పడిన ఏ బరువునీ మరిచిపోదు. ఎత్తిన ప్రతిసారీ దాని లోపల కంటికి ఆననంత చిన్న కదలిక జరిగి, ఆ గుర్తు అలాగే ఉండిపోతుంది. పగటి ఎండకి సాగి, రాత్రి చల్లదనానికి ముడుచుకున్న గుర్తులూ ఉంటాయి కాబట్టి రోజులు కూడా లెక్కపెట్టుకోవచ్చు. యంత్రం ఆ ఉక్కుని పొర తర్వాత పొర ఆవిరి చేస్తూ, ఒక్కో పొర పోతూపోతూ విడిచిన గుర్తుని తెర మీద గీతగా గీస్తుంది. కాగితాల మీద దానికి మూరెడు పొడుగు పేరుంది. ప్రయోగశాలలో ముక్కలు కోసిచ్చే గురువులు మాత్రం మొదటిరోజే "సోదమ్మ" అని పేరు పెట్టేశాడు. అదే నిలిచిపోయింది.

మొదటి పరీక్ష గురువులు సైకిలు పెడలు కడ్డీ మీదే చేశారు. ఆరేళ్ల కిందట ఒక ఆదివారం దాని మీద మామూలుకి రెండింతలు బరువు పడిందని సోదమ్మ చెప్పింది. గురువులు కాసేపు ఆలోచించి తొడ చరుచుకున్నాడు. "ఔనమ్మా! మా ఆడదాన్నీ, మా అత్తనీ ఒక్కపాలే ఎక్కించీసి సింహాచలం తీసుకెల్లినాను. మా అత్త ఒక్కత్తే రెండు బస్తాలు!" అన్నాడు.

సోదమ్మకి రెండు పేచీలున్నాయి. ఒకటి, చదివిన ముక్క ఇక మిగలదు. ఆవిరైపోతుంది. నమ్మినా నమ్మకపోయినా ఒక్కటే పఠనం. రెండోది, దానికి దుమ్ము పడదు. అందుకని హైమావతి కచ్చితంగా ఒక నియమం పెట్టింది. ఆయుధపూజ నాడు మిగతా యంత్రాలన్నిటికీ పసుపూ కుంకుమా పూయొచ్చు, సోదమ్మకి మాత్రం ఒట్టి దండమే. గురువులుకి ఈ మాట అస్సలు నచ్చలేదు. "బొట్టు లేని యంత్రం ఏం యంత్రమమ్మా" అని గొణిగి ఊరుకున్నాడు.

జూన్ నెలలో ఒక ఉదయం గురువులు ఒకావిణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. నలభై ఐదేళ్లుంటాయి. నెత్తి మీద చేపల బుట్ట లేదు గానీ నడకలో ఆ బరువు ఉంది.

"ఈవిడ పైడమ్మండి. పెద్దక్క కేసు," అన్నాడు గురువులు.

హైమావతికి వెంటనే గుర్తొచ్చింది. పెద్దక్క అంటే మనిషి కాదు. ఓడలు బాగుచేసే ఒక యార్డులో నలభై టన్నులు ఎత్తే క్రేను, పనివాళ్లు ముద్దుగా పెట్టుకున్న పేరు. పదకొండేళ్ల కిందట మార్చి నెలలో అది ఓడ చుక్కానిని ఎత్తుతుండగా కొక్కెం పిన్ను విరిగింది. చుక్కాని కింద ఉన్న అప్పన్న అనే కుర్రాడు చచ్చిపోయాడు. చుక్కాని లోపల గుల్లగా ఉంటుంది. అందులో నిండిన సముద్రపు నీళ్లు తీయకుండా ఎత్తితే బరువు యాభై దాటిపోతుంది. నీళ్లు తీశామనీ, మీటరు ఇరవై ఎనిమిది టన్నులే చూపించిందనీ క్రేను నడిపిన నూకరాజు మొత్తుకున్నాడు. మీటరు రికార్డు దొరకలేదు. చుక్కాని బద్దలైపోయింది. విరిగిన పిన్ను డాకు నీళ్లలో తొమ్మిది రోజులు పడుండి తుప్పు పట్టిపోయి వచ్చింది. హైమావతి లెక్కలు వేసి, "అధిక భారం వల్ల" అని రాసింది. నూకరాజు లైసెన్సు పోయింది.

"అమ్మా, సచ్చిపోయినోడు నా తమ్ముడు. సంపీసినాడన్నోడు నా మొగుడు. ఆ కాయితం రాసింది తవరేనంట కదా," అంది పైడమ్మ.

"నేనే."

"తగువుకి రాలేదమ్మా." పైడమ్మ బల్ల అంచు పట్టుకుంది. "పదకొండేళ్లయి ఒకే గిన్నెలో కూడు తింతన్నాం. 'ఇరవయ్యెనిమిదే పైడీ' అంతాడాయన. నాను 'ఊఁ' అంతాను. నమ్మినానో లేదో నాకే తెల్దు. తమ్ముడి పొటో పెట్టెలో బట్టల కింద ఎట్టీసినాను. గోడకి తగిలిత్తే ఆయన తలెత్తలేడు. తగిలించకపోతే నాకు ఊపిరాడదు. తవరి కాడ ఇనప్ముక్కని అడిగితే సెప్పీ మిసనుందని గురువులన్న సెప్పినాడు. ఆ మాటేటో తేల్సీయండి. ఏది తేలినా నాను మోసుకుంతాను."

గురువులు గొంతు సవరించుకున్నాడు. తను కూడా ఒకప్పుడు ఆ యార్డులోనే వెల్డరు. ప్రమాదానికి రెండు నెలల ముందే అక్కడ పని మానేశాడు. "కేసు మూసీసినారు కదమ్మా, నెలాఖరుకి ఆ పిన్ను తుక్కులోకి పోద్ది. మరి దొరకదు. నూకరాజుని నానెరుగుదును. ఆడు దొంగమాటాడీ మనిసి కాదు. ఒక్కపాలి సూడండమ్మా," అని బతిమాలాడు.

"రెండ్రోజుల్లో చెబుతాను," అంది హైమావతి.

ఆ సాయంత్రం ఇంట్లో ఆవిడ భర్త చలపతి, కాలేజీలో లెక్కలు చెప్పే మనిషి, ఊడిపోయిన కుక్కరు పిడిని చేతిలో పట్టుకుని ఎదురొచ్చాడు.

"ఎందుకు ఊడిందో రిపోర్టు రాయకు తల్లీ. స్క్రూ బిగించు చాలు," అన్నాడు.

ఆవిడ నవ్వలేదు. స్క్రూ బిగిస్తూ సంగతంతా చెప్పింది. "నేను రాసింది తప్పని తేలితే ఆ ఒక్క రిపోర్టుతో పోదు చలపతీ. నేను సంతకం పెట్టిన మూడొందల రిపోర్టులూ మళ్లీ తిరగదోడతారు. రైటని తేలితే ఆ పైడమ్మ ఇంట్లో రేపట్నుంచి పొయ్యి ఎలా వెలుగుతుందో నాకు తెలియదు. ముక్క ఒక్కటే. చదివితే పోతుంది."

"మూడొందలు రాశావు. అన్నీ రైటేనని ఇన్నాళ్లూ ఎలా నిద్రపోయావు?"

"నువ్వు దిద్దిన పేపర్లన్నీ రైటేనా?"

"కాదు. అందుకే రీకౌంటింగ్ పెట్టారు," అన్నాడు చలపతి తాపీగా. కుక్కరు మూత పెట్టి, బియ్యం ఎన్ని పోయాలో అడిగాడు.

మర్నాడే హైమావతి పిన్ను తెప్పించింది. అది మోచెయ్యంత పొడుగు, ముంజేతికన్నా లావు, రెండు ముక్కలు. పగులు మొదలైన అంచు దగ్గర చూపుడువేలి గోరంత ముక్క చాలు సోదమ్మకి, కానీ అది ఆ చోటిదే కావాలి. గురువులు దాన్ని వేడెక్కనివ్వకుండా సన్నటి నీటిధార కింద అయిదు గంటలు కూర్చుని కోశాడు. అన్నానికి కూడా లేవలేదు. "మా అప్పన్నది," అని మాత్రం ఒకసారి అన్నాడు.

సోదమ్మ ఎప్పుడూ చివరిరోజు నుంచి వెనక్కి చదువుతుంది. తలుపు మూసి, మీట నొక్కి, ఇద్దరూ తెర ముందు కూర్చున్నారు. మొదటి పొర పోయింది. మొదటి గీత లేచింది. అదే ఆ పిన్ను ఎత్తిన ఆఖరి బరువు.

ఇరవై ఎనిమిది టన్నులు.

గురువులు కుర్చీలోంచి లేచి రెండు చేతులూ జోడించాడు. హైమావతి కదల్లేదు. పదకొండేళ్లుగా ఒక మనిషి ఒకే అంకె చెబుతున్నాడు. దాన్ని ఆపద్ధర్మపు అబద్ధం కింద జమకట్టి పక్కన పెట్టింది తను. ఆ మనిషి గుమ్మం ముందు నిలబడి ఎలా తలెత్తుకోవాలో ఆవిడకి తోచలేదు.

"ఇంకేటమ్మా, ఎల్లి పైడమ్మకి సెప్పీసొత్తాను!"

"కూర్చోండి గురువులుగారూ. ఇల్లలకగానే పండగ కాదు. నలభై మోసే పిన్ను ఇరవై ఎనిమిదికి ఎందుకు విరిగింది? అది తెలియకపోతే ఇంకో పిన్ను విరుగుతుంది, ఇంకో అప్పన్న పోతాడు."

సోదమ్మ వెనక్కి చదువుతూ పోయింది. ఫిబ్రవరి, జనవరి, డిసెంబరు. ఏ బరువూ నలభై దాటలేదు. పగులు మాత్రం వెనక్కి వెళ్లేకొద్దీ చిన్నదవుతోంది. చదవడం మొదలైన రెండోరోజు మధ్యాహ్నం, విరగడానికి నూట యాభై మూడు రోజుల ముందటి గుర్తు దగ్గర, గీత వేషం మార్చింది. మొదట కనిపించింది చిన్న వేడి, రాపిడి వేడి. దానికి ముందురోజు గీత చదునుగా పడుకుంది, పొద్దున్నించి పొద్దుపోయేదాకా ఒక్క బరువూ లేదు. దానికీ ముందురోజు సాయంత్రం సూదిమొనలా ఒక గీత నిటారుగా లేచింది. బరువు కాదు. ఉక్కు కరిగేంత వేడి, రెండు క్షణాలు, అంతే, చల్లారిపోయింది. పగులు అక్కడ పుట్టింది. దానికి వెనక ఉక్కు నిక్షేపంలా ఉంది.

"ఎవరో నిప్పు తగిలించారు. ఎవరు, ఎందుకు?" హైమావతి తెరకి దగ్గరగా వంగింది. "ఆ యార్డు మూడు షిఫ్టులూ నడిచేదన్నారు కదా. ఒక రోజంతా క్రేను ఖాళీగా ఎందుకుంది గురువులుగారూ? సమ్మె ఏమైనా జరిగిందా?"

ఆవిడ తిరిగి చూసింది. గురువులు మొహంలో నెత్తురుచుక్క లేదు.

"సమ్మి కాదమ్మా," అన్నాడు. "ఆయుదపూజ. ఏడాదికి ఆ ఒక్కరోజే పెద్దక్కకి సెలవు."

అక్కడితో ఆపేసినా ఆయన్ని అడిగేవాళ్లు లేరు. సోదమ్మ వేడిని చెబుతుంది గానీ వేడి పెట్టిన చేతిని చెప్పదు. "కారణం తెలియని వేడి" అని హైమావతి రాసుకునేది, నూకరాజు బయటపడేవాడు. గురువులు ఇంకో రెండేళ్లు పని చేసుకుని ఇంటికి పోయేవాడు. కానీ నిన్న అయిదు గంటలు కూర్చుని ఆ ముక్క కోసిన చేతులు ఆయనవే. ఆ చేతుల్ని ఒళ్లో పెట్టుకుని చూసుకున్నాడు.

"ఆ ముందేడు పూజకి పెద్దక్కకి కట్టిన దిస్టి గుమ్మడికాయి తాడు తెగి కింద పడ్డాది. అప్పన్న నెత్తి మీద పడాల్సింది, ఏలెడులో తప్పింది. అందుకని ఆడే అన్నాడు, 'గురువులు మావా, ఈపాలి కాయి కట్టడానికి పిన్ను సివర సిన్న రింగు అంటించీ, గట్టిగుంటాది' అని. పండగ నాడు పనిముట్టు ముట్టకూడదు కదా, ముందు రోజు సాయంత్రం వెల్డింగుతో అంటెట్టినాను. పండగెల్లిన మర్నాడు గ్రైండరెట్టి తీసీసినాను. రింగుండిపోతే సూపర్వైజరు తిడతాడని."

హైమావతి తెర మీది సూదిమొన గీత దగ్గర వేలు పెట్టింది.

"మామూలు ఇనుమైతే ఏటీ కాదమ్మా. గట్టి ఉక్కుకి ముందుగా సెగ సూపించకుండా అంటెడితే ఆ సోట గాజులాగైపోద్ది. ఆ సంగతి తవరి కాడ సేరినాకే నాకు తెలిసింది. అప్పుడు తెల్దు. తెలిసినాక ఆ రింగు గుర్తుకి రానేదు." తల అడ్డంగా ఊపాడు. "పూజలో పిన్నుకెట్టిన కుంకం తుడిసీడం దోసం కదా. అందికి తుడవకుండా దాని మీదే పెయింటేసీసినాను."

ఆ మాటకి హైమావతి ఉలిక్కిపడింది. లేచి బీరువా తీసింది. పదకొండేళ్ల నాటి తన నోటుపుస్తకంలో పేజీ వెతికి పట్టుకుంది. తన దస్తూరీయే. "పిన్ను చివర, పెయింటు పొర కింద ఎర్రటి తుప్పు. శుభ్రం చేయడమైనది."

"తుప్పు కాదు గురువులుగారూ," అంది. "కుంకుమ. పెయింటు కింద తుప్పు ఎలా పడుతుందని కూడా ఆలోచించలేదు. బుద్ధి తెలిసినప్పట్నుంచీ రోజూ నుదుట పెట్టుకుంటున్న కుంకుమని గుర్తుపట్టలేకపోయాను. కింద ఏముందో చూసుంటే ఆ అంటు మచ్చ ఆనాడే కనిపించేది. మీరు దోషమని తుడవలేదు. నేను మురికని తుడిచేశాను."

తర్వాత ఆవిడ కళ్లు తుడుచుకుని రిపోర్టు రాయడం మొదలుపెట్టింది. మొదటి పేరాలోనే, పాత రిపోర్టు తప్పనీ, ఆ తప్పు తనదనీ రాసింది. రింగు సంగతి గురువులు తనకు తానుగా చెప్పాడని రెండో పేరాలో రాసింది.

ఆదివారం ఇద్దరూ మల్కాపురంలో నూకరాజు ఇంటికి వెళ్లారు. నూకరాజు ఇప్పుడు ఐసు ఫ్యాక్టరీలో కాపలా. మనిషి బక్కచిక్కి, చెప్పింది వినబడనట్టు కూర్చుంటాడు. హైమావతి రిపోర్టు చదివి వినిపించింది. ఇరవై ఎనిమిది అన్నచోట నూకరాజు కళ్లు మూసుకున్నాడు.

"నన్ను క్షమించండి," అంది హైమావతి. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఆ మాట ఎవరితోనూ అనలేదు.

"కాయితం మీద రాసినారు కదమ్మా. అది సాలు," అన్నాడు నూకరాజు.

అప్పుడు గురువులు నేల మీద కూర్చుని, రింగు కథ మొదటినుంచీ చెప్పాడు. పైడమ్మ గుమ్మంలో నిలబడి వింది. విని, వచ్చి ఆయన భుజం మీద రెండు చేతులా కొట్టింది. "నీ సేతులిరిగిపోను! నా తమ్ముణ్ని సంపీసినావు కదరా! నా కొంపలో పదకొండేళ్లు నిప్పెట్టినావు కదరా!" అని ఏడ్చింది. గురువులు అలాగే కూర్చున్నాడు. ఇంకా కొట్టమన్నట్టు భుజం వంచాడు.

నూకరాజు లేచి భార్య చేతులు పట్టుకున్నాడు.

"ఒలే పైడీ, ఆగు. ఆ రోజు గురువులన్నకి అందీలాగ కొక్కెం కిందకి దించినోణ్ని నానే. అప్పన్న రింగు పట్టుకున్నాడు. ఈడు అంటెట్టినాడు. నాను పైనుంచి 'ఇంకొంచెం గట్టిగెట్టండ్రా' అని కేకేసినాను." గురువులు వైపు తిరిగాడు. పదకొండేళ్ల తర్వాత మొదటిసారి ఆ మొహంలో ఏదో కదిలింది. "గుమ్మడికాయిల దొంగంటే బుజాలు తడుముకోడానికి నువ్వొక్కడివే ఉన్నావేటి? కాయి మన ముగ్గురిదీ."

పైడమ్మ భర్త మొహంలోకి చూసింది. అలా చూసి ఎన్నాళ్లయిందో. తర్వాత లోపలికి వెళ్లింది. పెట్టె మూత కిర్రుమన్న చప్పుడు వినిపించింది. బట్టల మడతల్లోంచి తీసిన ఫోటోని కొంగుతో తుడుస్తూ తెచ్చి నూకరాజు చేతిలో పెట్టింది. ఇంట్లో సుత్తి లేదు. నూకరాజు రోకలి తెచ్చి గోడకి మేకు కొట్టాడు. రెండుసార్లు వంకర పోయింది. మూడోసారి గురువులు లేచి మేకు పట్టుకున్నాడు.

ఫోటోలో అప్పన్నకి ఇరవై రెండేళ్లు. పళ్లన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. నూకరాజు తలెత్తి చాలాసేపు చూశాడు.

"కూడు తిని ఎల్లండి," అంది పైడమ్మ, గురువులు వైపు చూడకుండానే. "సేపల పులుసుంది."

ఆ తర్వాత హైమావతి భయపడినట్టే అయింది. పాత రిపోర్టులు తిరగదోడమని పై నుంచి ఉత్తరం వచ్చింది. అది రాకముందే ఆవిడ జాబితా పంపేసింది. విరిగిన ముక్కలు ఇంకా మిగిలున్నవి నలభై ఒకటి. మొదటి తొమ్మిదింటిలో ఎనిమిది నిలబడ్డాయి, ఒకటి తప్పింది. తప్పిన దాని తాలూకు మనుషుల ఇంటికి కూడా ఆవిడే వెళ్లింది. గురువులుకి మందలింపు కాగితం ఒకటి వచ్చింది, ఉద్యోగం నిలిచింది. నూకరాజుకి లైసెన్సు తిరిగి వచ్చింది.

కోస్తా పొడుగునా ఉన్న యార్డులకి సర్క్యులరు వెళ్లింది. బరువెత్తే పిన్నుకి, కొక్కేనికి దేనికోసమూ నిప్పు తగిలించొద్దని, దిష్టికాయని తాడుతోనే కట్టమని. ఆ ముడి ఎలా వేయాలో నూకరాజూ గురువులూ కలిసి యార్డు యార్డుకీ తిరిగి నేర్పారు. ఆ తిరుగుడులో మూడు క్రేన్లకి అలాంటి అంటు మచ్చలే కనిపించాయి. రెండింటిలో వెంట్రుకవాసి పగులు మొదలై ఉంది. మూడు పిన్నులూ మార్చేశారు. ఆ క్రేన్ల కింద పనిచేసేవాళ్లకి ఏం తప్పిపోయిందో వాళ్లకి తెలియదు, మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకుని తిన్నారు.

ఆయుధపూజ వచ్చింది. విరుగుళ్ల ఆఫీసులో యంత్రాలన్నీ పూలదండలు వేసుకున్నాయి. నూకరాజు గుమ్మానికి బూడిదగుమ్మడికాయ కట్టాడు. పైడమ్మ పళ్లెంలో పసుపూ కుంకుమా పట్టుకుని ఒక్కో యంత్రానికీ బొట్టు పెడుతూ వచ్చింది. వాళ్ల నియమం ఆమెకెవరు చెప్పారు కనక? సోదమ్మ తలుపు మీద కూడా మెరిసే ఉక్కు నట్టనడుమ రూపాయి కాసంత బొట్టు పెట్టేసింది.

గురువులు చెయ్యి అడ్డం పెడుతూ ముందుకి ఉరికాడు. "అమ్మా, దానికి..." అంటూ హైమావతి వైపు చూశాడు.

హైమావతి చెయ్యి అలవాటు కొద్దీ బల్ల మీది గుడ్డ కోసం వెళ్లింది. గుడ్డ చేతికి దొరికింది కూడా. దాన్ని నాలుగు మడతలు పెట్టి సొరుగులో పెట్టేసింది.

"ఉండనివ్వండి గురువులుగారూ. కింద ఏముందో మనకి తెలుసు," అని ప్రసాదానికి చెయ్యి చాపింది.